అరవైనాలుగో నంబరు మీద పడిన జెండా

కార్డెల్, అలబామా
1988 అక్టోబరు 10, సోమవారం

ఒరేయ్ ఎమ్మెట్,

నువ్వూ, రూతీ, పిల్లలూ కులాసా అనుకుంటాను. నేను కులాసాగా లేను. శనివారం సాయంత్రం నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

మీ ఇండియానా టీవీల్లో మా కాలేజీ ఫుట్‌బాల్ ఆట చూపించరు కాబట్టి నేనే చెప్పాలి. ఇంకా నలభై సెకన్లున్నాయి. మార్లో వాళ్ళు నాలుగు పాయింట్ల ముందున్నారు. మా రస్టీ బంతి చంకలో పెట్టుకుని ఎడమవైపు నుంచి దూసుకుపోయి గీత దాటేశాడు, ఆరు పాయింట్లు. టచ్‌డౌన్! ఇరవై వేలమంది లేచి నిలబడ్డాం. పదకొండేళ్ళ తరవాత మార్లోని ఓడించామని పక్కసీటు ముసలాయన నా టోపీ లాగి పైకి విసిరాడు. అది దొరకనేలేదు.

అప్పుడు చూశాం, గడ్డి మీద పసుపు గుడ్డ, తప్పు పట్టినప్పుడు విసిరే జెండా. ఆ చారల చొక్కా అంపైరు మా అరవైనాలుగో నంబరు వైపు వేలు చూపించి, ఎదుటివాడి చొక్కా పట్టుకున్నాడన్నాడు. టచ్‌డౌన్ చెల్లదన్నాడు. పది గజాలు వెనక్కి పొమ్మన్నాడు. తరవాతి రెండు బంతులూ నేలపాలు. ఆట అయిపోయింది.

అరవైనాలుగు అంటే డెన్నీ లెవరెట్. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ జట్టు బట్టలు ఉతికి, కుట్టి, అతుకులేస్తున్నాను. ఎవడు ఎలాంటివాడో వాడి చొక్కా చూసి చెప్పగలను. డెన్నీ బట్టలు తీసుకొచ్చి ఇచ్చేటప్పుడు మడతపెట్టి ఇస్తాడు. అలాంటివాడు దొంగతనంగా ఎదుటివాడి చొక్కా పట్టుకుంటాడా?

ఆ అంపైరు పేరు పేపర్లో వేశారు. క్లేబర్న్ రడ్. టెన్నెసీలో ఏదో కుగ్రామంలో మేకులూ సుత్తులూ అమ్ముకుంటాడట. అమ్ముకోక మైదానంలోకి ఎందుకు దిగినట్టు? ఆ మొహానికి మేకుకీ మరమేకుకీ తేడా తెలుస్తుందంటే కూడా నాకు అనుమానమే. నిన్న చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగి, "ప్రభువా, గుడ్డివాళ్ళకి చూపిచ్చావు కదా, ఈ వారం టెన్నెసీ వైపు కూడా ఒకసారి చూడు తండ్రీ" అన్నారు. నవ్వి నవ్వి గాయకబృందం పాట ఎత్తుకోలేకపోయింది.

నువ్వు శుక్రవారాల్లో బడిపిల్లల ఆటలకి విజిలూదుతావు కాబట్టి అడుగుతున్నాను. ఇలాంటివాళ్ళని ఎవడ్రా ఎంపిక చేసేది?

నీ అక్క,
వెర్లీన్

~

ఎవాన్స్‌విల్, ఇండియానా
అక్టోబరు 17

అక్కా,

నీ టోపీ పోయినందుకు విచారిస్తున్నాను. మిగతా దేనికీ కాదు.

క్లేబర్న్ రడ్ నాకు తెలుసు. అతను కాలేజీ ఆటలకి వెళ్ళకముందు పదకొండేళ్ళు మేమిద్దరం ఒకే బృందంలో పనిచేశాం. మా పెద్దాడి పెళ్ళికి వచ్చాడు కూడా. బుర్ర మీద పెద్ద మచ్చున్న మనిషి, నువ్వు మూడుసార్లు కేకు వడ్డించావు.

అంపైరు ఎక్కడ నిలబడతాడో నీకు తెలుసా? రెండు జట్ల గోడ వెనక, అయిదు గజాల దూరంలో. అందరూ పరిగెత్తుకొచ్చి మీదపడే చోటు. క్లేబర్న్‌కి అక్కడ రెండుసార్లు పక్కటెముకలు విరిగాయి. బంతి ఎటు పోయిందో అతను చూడడు. నువ్వు బంతిని చూస్తావు, ఇరవై వేలమందీ బంతినే చూస్తారు. అతను చేతుల్ని చూస్తాడు. నీ సీటు నలభై రెండో వరసలో ఉంది. అక్కడి నుంచి డెన్నీ చేతులు కనిపించాయంటే నువ్వు మనిషివి కాదు, డేగవి.

మీ పాస్టరుగారి హాస్యం నాకేం నచ్చలేదు. దేవుడి ఇంట్లో నిలబడి పరాయిమనిషి కళ్ళమీద జోకులేసేవాడికి వారానికోసారి జీతమిచ్చి మరీ వింటున్నారు మీరు.

ఇక్కడ చలి మొదలైంది. బడిలో పిల్లలచేత పక్షిగూళ్ళు చేయిస్తున్నాను. పదిహేనుమందిలో ఒక్కడికీ రంపం పట్టుకోవడం రాదు. కానీ ఒక్కడు కూడా తప్పు రంపానిదని అనడు. మీ ఊరివాళ్ళకంటే నయం.

తమ్ముడు,
ఎమ్మెట్

~

కార్డెల్
అక్టోబరు 21

ఒరేయ్,

ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

అసలు సంగతేంటో నేను చెప్పనా? యాభైమూడులో ఈ కాలేజీ జట్టు నిన్ను వద్దంది. తలుపు మీద అంటించిన జాబితాలో నీ పేరు లేదు. ఆ రోజు మన వంటింట్లో బల్లకింద కూర్చుని ఏడ్చావు, పంతొమ్మిదేళ్ళ గాడిదవి. ముప్ఫై అయిదేళ్ళయింది, ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు నీకు. కార్డెల్ ఓడిపోయిందంటే నీకు పండగ. అందుకే ఎవడో మేకులవాణ్ణి వెనకేసుకొస్తున్నావు.

ఆ మచ్చమనిషి నాకు గుర్తున్నాడు. మూడుసార్లు కేకు తిని ఒక్కసారీ బాగుందనలేదు.

ఇక్కడెవరూ మర్చిపోలేదు. కోచ్ టాలివర్ గారి ఆదివారం టీవీ కార్యక్రమంలో ఆ ఆట పదిసార్లు వేశారు. వేసిన ప్రతిసారీ రస్టీ గీత దాటాడు. ఒక్కసారి కూడా దాటకుండా ఉండలేదు! అభిమానుల సంఘం అధ్యక్షుడు, పశువుల డాక్టరు వర్జిల్ టాంప్కిన్స్ గారు రోజూ రేడియోలో మాట్లాడుతున్నాడు. "ఆవుకి కడుపులో ఏముందో చేత్తో చూసి చెప్తాన్నేను. పట్టపగలు కళ్ళతో చూసి చెప్పలేడా వాడు?" అన్నాడు మొన్న. ఊరంతా అదే మాట.

వచ్చే శనివారం మళ్ళీ సొంత మైదానంలో ఆట. పాత విద్యార్థులందరూ వస్తారు. ముందురోజు సాయంత్రం మంట వేస్తారు. ఈసారి మంట ప్రత్యేకంగా ఉంటుందంటున్నారు. నాకూ కొంచెం పనిచెప్పారు. ఇంతకంటే చెప్పను, నువ్వు సంతోషించవు.

అక్క

~

ఎవాన్స్‌విల్
అక్టోబరు 28

అక్కా,

బల్లకింద ఏడ్చిన మాట నిజమే. నువ్వు బల్లకిందకే కంచం తెచ్చిపెట్టిన సంగతి కూడా రాయాల్సింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. నిన్న క్లేబర్న్‌తో ఫోన్లో మాట్లాడాను. మీ కార్డెల్ పేపర్లో ఇరవయ్యో తారీఖున ఒక ఉత్తరం పడిందట. దాంట్లో అతని కొట్టు పేరు, ఊరు, ఫోను నంబరు అన్నీ వేశారు. "గుడ్డివాడికి పలకరింపులు పంపండి" అని రాశారు. అప్పట్నుంచి రోజుకి అరవై ఫోన్లు. భార్య నోరా ఎత్తితే అవతల మగాళ్ళు కుక్కల్లా మొరుగుతున్నారట. పోస్టులో పాత కళ్ళజోళ్ళు వస్తున్నాయి, పెట్టెలకొద్దీ. ఎవడో కొట్టు అద్దం పగలగొట్టాడు. పోటీల సంఘంవాళ్ళేమో ఈ గొడవ తేలేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. డిసెంబరులో విచారణట.

ఆ ఉత్తరం కింద సంతకం "వి.టి." అని ఉంది.

వెర్లీన్ టేట్. అవునా?

నీకు నోరు పెద్దదని తెలుసు. ఆ నోటికి ఇంత విషం ఉంటుందని తెలియదు. ఒక మనిషి భార్య మీదకి కుక్కల్ని ఉసిగొలిపి, మళ్ళీ ఆదివారం చర్చిలో పక్కవాళ్ళ చేతులు పట్టుకుని పాడతావా?

ఎమ్మెట్

~

కార్డెల్
నవంబరు 2

ఎమ్మెట్‌కి,

వి.టి. అంటే వర్జిల్ టాంప్కిన్స్! పశువుల డాక్టరు! కిందటి ఉత్తరంలోనే ఆయన పేరు రాశాను. చదివే ఓపిక లేదు గాని అక్క మీద నేరం మోపే ఓపికుంది నీకు.

నేను ఏదన్నా రాస్తే పూర్తి పేరుతో రాస్తాను. అరవై ఒక్కేళ్ళొచ్చాయి, పొట్టి సంతకాల వెనక దాక్కునే ఖర్మ నాకేం పట్టలేదు. ఆ నోరా ఎవరో నాకు తెలియదు. ఆవిడ మీద మొరిగినవాళ్ళు వెధవలు. అలాగని వాళ్ళాయన చేసిన పని ఒప్పయిపోదు.

శనివారం ఆట గెలిచాం. మంట బాగానే కాలింది. దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

నువ్వు క్షమాపణ చెప్పేదాకా ఇక రాయను.

వెర్లీన్ టేట్

~

ఎవాన్స్‌విల్
నవంబరు 9

అక్కా,

వి.టి. విషయంలో పొరబడ్డాను. క్షమించు. నిజంగానే.

కానీ మంట గురించి రాయడానికి ఏమీ లేదన్నావే, అక్కడ పొరబడలేదు. దీనితో ఒక ఫోటో పెట్టాను. ఎవరో పత్రికలోంచి కత్తిరించి క్లేబర్న్‌కి పోస్టులో పంపితే, అతను నాకు పంపాడు. కర్రకి వేలాడుతున్న గడ్డిబొమ్మ, ఒంటిమీద చారల చొక్కా, మెడలో విజిలు, కాళ్ళకి మంట అంటుకుంది. బొమ్మ బుర్ర మీద ఎర్రరంగుతో మచ్చ కూడా వేశారు.

చొక్కా చూడు. చారలు భుజం దగ్గర ఎక్కడా తప్పకుండా కలిశాయి. మెడపట్టీ లోపలికి మడిచి రెండు వరసలు కుట్టారు. కాల్చే బొమ్మకి అంత శ్రద్ధగా ఎవరు కుడతారు? నాకు యాభైతొమ్మిదిలో మొదటి చారల చొక్కా కుట్టిచ్చింది ఎవరో నాకు గుర్తుంది. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

క్లేబర్న్ కూతురికి పదిహేనేళ్ళు. ఆ ఫోటో ఉన్న కవరు ముందు విప్పింది ఆ పిల్లే.

నాకు జవాబు అక్కర్లేదు. ఫోటో మాత్రం నీ కుట్టుమిషను ఎదురుగా అంటించుకో.

ఎమ్మెట్

~

కార్డెల్
నవంబరు 14

తమ్ముడూ,

చొక్కా నేనే కుట్టాను. టాంప్కిన్స్ గారు వచ్చి, "వెర్లీన్, నీ చెయ్యి పడితే ఆ లెక్కే వేరు" అన్నాడు. ఆ మాటకి ఉబ్బిపోయాను. మంగళవారం రాత్రికల్లా ఇచ్చేశాను. చారలు కలపకపోతే నాకు నిద్రపట్టదు, అది నీకు తెలుసు.

ఇంతకంటే సిగ్గుమాలింది ఇంకొకటుంది. నీకు కాక ఎవరికి చెప్పను?

మాకు రెండు రకాల ప్యాంట్లు. బయటి ఊళ్ళకి బూడిదరంగువి, సొంత మైదానానికి తెల్లవి. మార్లో ఆటలో వేసుకున్న తెల్లవి ఉతికి, చిరిగినవి మరమ్మతు గుట్టలో పడేశాను. మళ్ళీ సొంత ఆట మూడు వారాలకి కదా, తొందరలేదు. మంటకి ముందురోజు, గురువారం మధ్యాహ్నం, డెన్నీ ప్యాంటు చేతికొచ్చింది. దెబ్బ తగలకుండా తొడమీద దిండు పెట్టుకునే జేబు చిరిగింది. లోపల వేలుపెడితే ఏదో ఉండలా తగిలింది.

నారింజరంగు జాలీగుడ్డ. అరచేతిలో సగముంది. ఒక అంచున తెల్ల అంకె ముక్క కుట్టి ఉంది. అది మార్లో వాళ్ళ చొక్కా. కుట్టు దగ్గర దారాలు ఒకే దిక్కుకి సాగి తెగాయి. పొరపాటున గీరుకుంటే అలా తెగదు. గుప్పిట బిగించి పట్టుకుంటేనే తెగుతుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా చిరుగులు చూస్తున్నదాన్ని, నాకు తెలుస్తుంది. జెండా పడగానే ఆ ముక్క జేబులో దోపేసుకున్నాడు.

మీ మేకులవాడు చూసింది నిజం.

నేనేం చేశానో తెలుసా? జేబు కుట్టాను. ముక్క నా ఏప్రన్ జేబులో వేసుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆ ఏప్రన్‌తోనే వెళ్ళి మంట ముందు నిలబడ్డాను. ఊరంతా "కాల్చు, కాల్చు" అని అరుస్తోంది. బొమ్మకి నిప్పంటింది. నా చుట్టూ ఉన్నవాళ్ళు చొక్కా ఎంత బాగుందో అన్నారు. నేను థాంక్స్ చెప్పాను.

కిందటి ఉత్తరంలో రాయడానికి ఏమీ లేదన్నది అందుకే.

ఆ ముక్కని ఏం చెయ్యను? చెప్తే ఆ కుర్రాణ్ణి ఊరు బతకనివ్వదు.

వెర్లీన్

~

ఎవాన్స్‌విల్
నవంబరు 21

అక్కా,

బట్టలు ఆదివారం ఉతుకుతావు. ఆట శనివారం అయింది. మర్నాడే దొరికుండాలి ఆ ముక్క. అంటే నాకు మొదటి ఉత్తరం రాసిన సోమవారం నాటికే నీ దగ్గరుంది. మేకుకీ మరమేకుకీ తేడా తెలియదని రాసేటప్పుడు అది నీ బల్లమీదే ఉంది. ఇప్పుడు ఫోటో చూశాక దొరికిపోయానని గురువారం కథ చెప్తున్నావు.

ఏం చెయ్యాలని నన్ను అడుగుతున్నావు. నీకు తెలియదా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు పక్కింటి పుచ్చకాయ ఎత్తుకొస్తే చెవి పట్టుకుని తీసుకెళ్ళి వెనక్కి ఇప్పించావు. అప్పుడు నీకు ఎవరూ సలహా చెప్పలేదు.

విచారణ డిసెంబరు రెండున. పోటీల సంఘం చిరునామా వెనకవైపు రాశాను.

మీ ఊరంటే నాకు ఎప్పుడూ కొంచెం అసూయే ఉండేది, నువ్వన్నది కరక్టే. అదిప్పుడు పోయింది. అసహ్యం మాత్రమే మిగిలింది.

ఎమ్మెట్

~

కార్డెల్
డిసెంబరు 12

ఎమ్మెట్,

ముందు ఇది తేల్చేద్దాం. ఉతికేటప్పుడు ఎవరూ తొడజేబుల్లో వేళ్ళుపెట్టి చూడరు. గురువారమే దొరికింది. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. నేను పిరికిదాన్నే గాని, అంత జాణని కాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ముక్క తీసుకుని కోచ్ టాలివర్ దగ్గరికి వెళ్ళాను. బల్లమీద పెట్టి సంగతి చెప్పాను. ఆయన దాన్ని పెన్సిలు మొనతో అటూఇటూ తిప్పి, "ఇది గుడ్డ, మిస్ వెర్లీన్" అన్నాడు.

"మార్లో వాళ్ళ గుడ్డండీ."

"గుడ్డలు మీరు చూసుకోండి, ఫుట్‌బాల్ నేను చూసుకుంటాను. ఆ మూల చెత్తబుట్ట ఉంది."

అంటే ఆయనకి ముందే తెలుసు. ఆదివారం టీవీలో పదిసార్లు వేసింది రస్టీ కాళ్ళు. డెన్నీ చేతులు ఒక్కసారీ వెయ్యలేదు. పదిసార్లు చూసి నేనది పట్టుకోలేకపోయాను. ఇంకోణ్ణి గుడ్డివాడన్నాను.

బయటికొచ్చి తిన్నగా డెన్నీని పిలిచాను. కుట్టుగదిలో కూర్చోబెట్టి ముక్క చూపించాను. దాన్ని చూసి వాడు ఉలిక్కిపడలేదు. పెద్ద ఊపిరి వదిలాడంతే.

"పట్టుకున్నానండీ, రెండు చేతుల్తో. వదిలేస్తే వాడు రస్టీ నడుం విరగ్గొట్టేవాడు."

"మరి ఆరువారాలుగా నోరెత్తలేదేం రా?"

"ఎవరూ అడగలేదండీ. అందరూ వచ్చి, నువ్వు పట్టుకోలేదు కదా, పట్టుకోలేదు కదా అన్నారు. అది అడగడం కాదు కదండీ."

తమ్ముడూ, లెక్క చూడు. రేడియోలు, పేపర్లు, పాస్టర్లు, ఇరవై వేలమంది. మా అందరిలో ఒక్కడికి కూడా ఆ కుర్రాణ్ణి అడగాలని తోచలేదు.

వాడి పేరు రానివ్వకుండా పంపిస్తానన్నాను. వద్దన్నాడు. అక్కడే కూర్చుని, తనే ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. నేను ఇంకొకటి రాసి, ముక్కతో కలిపి పోటీల సంఘానికి రిజిస్టరు పోస్టులో పంపాను. అదే కాగితం నకలు డెన్నీ మన ఊరి పేపరువాళ్ళకి ఇచ్చాడు. టైర్ల ప్రకటన కింద నాలుగు వరసలు వేశారు.

ఇప్పుడు విను మీ ఊరని నువ్వు తిట్టిన ఊరి సంగతి. ఎవరూ నమ్మలేదు! టాంప్కిన్స్ రేడియోలో, "కుర్రాడు అబద్ధమాడుతున్నాడు. నేను నా కళ్ళతో చూశాను, వాడు పట్టుకోలేదు" అన్నాడు. డెన్నీ చేతులకేం తెలుసు, పశువుల డాక్టరు కళ్ళకే తెలుసు. మార్లో వాళ్ళు డబ్బిచ్చారని కొందరు, మతిచెడిందని కొందరు. నిన్నటిదాకా వాడి వీపు తట్టినవాళ్ళు వాడి ట్రక్కు మీద గుడ్లు కొట్టారు. వీళ్ళకి కావలసింది నిజం కాదురా, తమకి జరిగిన అన్యాయం. అది ఎవడన్నా లాక్కుపోతే ఊరుకోరు. ఇన్నేళ్ళు వీళ్ళ పక్కన కూర్చుని పల్లీలు తిన్నాను. వీళ్ళలో ఒకదాన్నని గర్వపడ్డాను.

నన్ను క్రిస్మస్ తరవాత పనికి రావద్దన్నారు. కళ్ళు మసకేస్తున్నాయని కాగితంలో రాశారు. కళ్ళట!

పోటీల సంఘంనుంచి జవాబొచ్చింది. బట్టముక్కల్ని సాక్ష్యంగా తీసుకునే పద్ధతి లేదట. అయినా క్లేబర్న్ రడ్ విచారణకి రాకుండానే రాజీనామా పంపేశాడు కాబట్టి విషయం ముగిసిందట.

అది చదివి నాకు ఒళ్ళు మండింది. డెన్నీని అడిగాను, టెన్నెసీ ఎంతసేపు ప్రయాణమని. మూడున్నర గంటలన్నాడు. మొన్న శనివారం పొద్దున్నే వాడి ట్రక్కులో బయల్దేరాం.

కొట్టు చిన్నది. అద్దం స్థానంలో చెక్కపలక కొట్టుంది. ఆ మచ్చమనిషి బల్లవెనక తాళంచెవి ఆకురాయితో అరగదీస్తున్నాడు. నేను పేరు చెప్పాను. నీ అక్కనని చెప్పాను. చొక్కా కుట్టింది నేనేనని కూడా చెప్పాను. ఆయన అరగదీయడం ఆపలేదు.

"చారలు బాగా కలిపారు," అన్నాడు.

చెంపమీద కొట్టినా అంత మండేది కాదు.

డెన్నీ టోపీ తీసి, "నేను అరవైనాలుగో నంబర్నండీ. పట్టుకున్నాను. మీరు వేసిన జెండా కరక్టే" అన్నాడు.

"నాకు తెలుసుగా."

"అయినా నా నోటితో చెప్దామని వచ్చాను."

అప్పుడు తలెత్తాడు. వాణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. "పట్టుకుంటే మోచేతులు లోపలికి పెట్టుకోవాలి రా. అంత బయటికి చాపి పట్టుకుంటే మా నోరా కూడా జెండా వేస్తుంది," అన్నాడు. డెన్నీ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "మా ఊరివాళ్ళు మీకు అన్యాయం చేశారు, సరిగ్గా వేసిన జెండాకి మీ పని పోగొట్టారు," అన్నాను. ఇక్కడిదాకా వచ్చినదాన్ని, ఒక మంచిమాట చెప్పి పోదామనుకున్నాను.

ఆయన ఆకురాయి కిందపెట్టాడు.

"అమ్మా, రెండో భాగంలో మార్లో వాళ్ళు ఒక టచ్‌డౌన్ చేశారు, గుర్తుందా? అది కొట్టేశాను. వాళ్ళ డెబ్భయ్యో నంబరు మీవాణ్ణి పట్టుకుని పడేశాడని జెండా వేశాను. వాడు పట్టుకోలేదు. మీవాడు తన కాలు తనే తొక్కుకుని పడ్డాడు. పడడం చూశాను, చేతులు చూడలేదు. జెండా నేలని తాకకముందే తప్పని తెలుసు. వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. అది లేకపోతే టచ్‌డౌనూ, దాని తరవాతి తన్నూ కలిపి వాళ్ళకి ఇంకో ఏడొచ్చేవి, ఆఖరి నిమిషానికి మీవాళ్ళు పదకొండు పాయింట్లు వెనకుండేవాళ్ళు. అరవైనాలుగు పట్టుకున్నా, పట్టుకోకపోయినా ఒకటే."

ఆయన మళ్ళీ ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు.

"నేను మానేసింది దానికి. మీ కళ్ళజోళ్ళకి కాదు. మూడువందల ఉత్తరాలొచ్చాయి కార్డెల్ నుంచి. అన్నీ చదివాను. దాని గురించి ఒక్కళ్ళు రాస్తారేమోనని."

లోపలినుంచి నోరా పిలిచింది. మమ్మల్ని కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. మేమే వచ్చేశాం.

తిరిగి ట్రక్కెక్కాం. దారిలో డెన్నీని అడిగాను, ఆ రెండో భాగం సంగతి మీకు తెలుసా అని.

"తెలుసండీ. పడ్డది మా కూపరు. బెంచీ మీద కూర్చుని అందరం నవ్వుకున్నాం," అన్నాడు.

ఎమ్మెట్, ఆ జెండా నాకు బాగా గుర్తుంది. అప్పుడు కూడా ఇరవై వేలమంది లేచి నిలబడ్డాం. వేలునొప్పి ఉన్నా నేను చప్పట్లు ఆపలేదు. పక్కసీటాయన వైపు తిరిగి, "చూశారా, ఈ అంపైరుకి కళ్ళున్నాయి" అన్నాను.

నీ అక్క,
వెర్లీన్